కాటా మీద గెలిచి.. రింగులో అలసి

2024 ఆగస్టు 1, పారిస్ ఒలింపిక్స్. మహిళల 50 కిలోల బాక్సింగ్ విభాగంలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5 తేడాతో ఓడిపోయింది. రెండుసార్లు ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన అమ్మాయి ప్రిక్వార్టర్స్‌లోనే వెనుదిరగడంతో టీవీల ముందు కూర్చున్నవాళ్లంతా ఉసూరుమన్నారు. ఆ తర్వాత ఆమె చెప్పిన నాలుగు మాటలు నాలాంటి ఫిజీషియన్‌కి మాత్రం ఇంకా గుర్తున్నాయి. బరువు అదుపులో ఉంచుకోవడానికి అంతకుముందు రెండు రోజులు ఏమీ తినలేదని, నీళ్లు కూడా తాగలేదని, కాటా ఎక్కి దిగాకే గొంతు తడుపుకున్నానని, ఆ రోజు ముందే రింగులోకి దిగాల్సి రావడంతో కోలుకునే సమయం దొరకలేదని ఆమె చెప్పింది.

సరిగ్గా ఆరు రోజులకు అదే పారిస్‌లో, అదే 50 కిలోల అంకె దగ్గర, రెజ్లర్ వినేశ్ ఫొగాట్ ఫైనల్ రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగి పతకం పోగొట్టుకుంది. ఆ వంద గ్రాముల గురించి దేశమంతా మాట్లాడుకుంది. నిఖత్ తాగని నీళ్ల గురించి అంత చర్చ జరగలేదు.

నిఖత్ ఓటమికి నీళ్లు తాగకపోవడం ఒక్కటే కారణమని నేను అనడం లేదు. వు యు ఆ విభాగంలో టాప్ సీడ్, చివరికి స్వర్ణం కూడా గెలిచింది. నిఖత్‌కు సీడింగ్ లేకపోవడంతో రెండో బౌట్‌లోనే ఆమె ఎదురైంది. అయితే రెండు రోజులు నీళ్లు లేని శరీరంతో అలాంటి ప్రత్యర్థి ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఒక డాక్టర్‌గా ఊహించగలను. ఎందుకంటే అలాంటి శరీరాలు మా వార్డుకు వస్తుంటాయి. అవి ఒలింపియన్లవి కావు, హాస్టల్ కుర్రాళ్లవి.

మూడో అంతస్తులో రింగు

నేనుండేది గడ్డిఅన్నారంలో. ఒకప్పుడు మా ఏరియా అంటే పండ్ల మార్కెట్. ఆ మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిమ్‌లు మిగిలాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన తలెత్తి చూస్తే, కింద టిఫిన్ సెంటర్, మధ్యలో కోచింగ్ సెంటర్, పై అంతస్తులో ‘బాక్సింగ్, కిక్‌బాక్సింగ్’ అని బోర్డు ఉన్న బిల్డింగులు కనిపిస్తాయి. నా వయసు వాళ్లకు కిక్‌బాక్సింగ్ అనే మాటను పరిచయం చేసింది 1999లో వచ్చిన ‘తమ్ముడు’ సినిమా. ఆ తర్వాత 2003లో ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’. ఇప్పటి పిల్లలకు సినిమా అవసరం లేదు, ఫోన్ చాలు.

నాకు ఈ ఆటలంటే వ్యతిరేకత లేదు. ఒళ్లు వంచి చెమట పట్టించే ఏ ఆటైనా మా షుగర్ క్లినిక్ ముందున్న క్యూను కొంత తగ్గిస్తుంది. మా వీధిలో అమ్మాయిలు గ్లోవ్స్ భుజాన వేసుకుని వెళ్తుంటే సంతోషంగా ఉంటుంది. భయమల్లా ఒక్కటే. సరూర్‌నగర్ స్టేడియం వైపు పొద్దున నడకకు వెళ్తే, మే నెలలో రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. చినుకు లేని రోజు రెయిన్‌కోటు ఎందుకో తెలిసినవాళ్లకు తెలుసు. వారంలో సెలక్షన్స్ ఉన్నాయన్నమాట.

రెండు కిలోల తేడా

నిఖత్ ప్రయాణంలో ఈ బరువు సంగతి ఎక్కడ వచ్చిందో చూద్దాం. 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా క్రీడాకారుడు. కూతురు మొదట పరుగు పందేలు నేర్చుకుంది. ఆడపిల్లలు ఎవరూ బాక్సింగ్‌లో లేకపోవడం చూసి పట్టుదలతో అటు వెళ్లింది. నిజామాబాద్‌లో శంసాముద్దీన్ దగ్గర ఓనమాలు, తర్వాత విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డీ ఐ.వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ. 2011లో తుర్కియేలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచేనాటికి ఆమెకు పదిహేనేళ్లు కూడా నిండలేదు.

సీనియర్ స్థాయిలో దారి అంత సాఫీగా సాగలేదు. 2017లో భుజం గాయం (దాని గురించి తర్వాత చెప్తాను). 2019లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్‌కు ట్రయల్స్ పెట్టాలంటూ క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. ఆ డిసెంబర్‌లో ట్రయల్స్ జరిగితే మేరీకోమ్ చేతిలో 9-1తో ఓడింది. అక్కడితో పని అయిపోయిందనుకున్నవాళ్లకు 2022లో జవాబిచ్చింది. ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ స్వర్ణం, మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్. మేరీకోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ తర్వాత ఆ ఘనత సాధించిన ఐదో భారత మహిళ.

ఇస్తాంబుల్‌లో ఆమె గెలిచింది 52 కిలోల విభాగంలో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగమే లేదు. 50 ఉంది, ఆ తర్వాత నేరుగా 54. రెండు కిలోలు పైకి వెళ్తే తనకంటే పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లతో తలపడాలి. రెండు కిలోలు కిందికి వస్తే కాటాతో తలపడాలి. నిఖత్ కిందికి వచ్చింది. వచ్చి గెలిచింది కూడా. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్, ఆ ఏడాదే హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ కాంస్యంతో పాటు పారిస్ బెర్తు. అన్నీ 50 కిలోల్లోనే.

రెండు కిలోలంటే మనకు ఓ సంచి బియ్యంలో మూల. ఒంట్లో కొవ్వు దాదాపు లేని బాక్సర్‌కు అది వేరే లెక్క. తీయడానికి కొవ్వు లేనప్పుడు ఇక మిగిలేది నీరే. పైగా ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో బౌట్ ఉన్న ప్రతి రోజూ ఉదయం కాటా ఎక్కాలి. ఒక్కసారి తగ్గించుకుంటే సరిపోదు, టోర్నీ పొడుగునా ఆ అంకె కిందే ఉండాలి.

నీరు తగ్గితే లోపల ఏమవుతుంది?

యాభై కిలోల అమ్మాయి ఒంట్లో దాదాపు సగం నీరే. అందులో ఒక్క కిలో పోయినా, అంటే శరీర బరువులో 2 శాతం తగ్గినా, దమ్ము తగ్గడం మొదలవుతుంది. రక్తంలో నీటి పాలు తగ్గి రక్తం చిక్కబడుతుంది. గుండె ప్రతి కొట్టుకు పంపే రక్తం తగ్గుతుంది కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి మరింత వేగంగా కొట్టుకుంటుంది. చెమట సరిగా పట్టదు, వేడి లోపలే ఉండిపోతుంది. నష్టం 4, 5 శాతానికి చేరితే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, చేతులు బరువెక్కుతాయి, చిరాకు పెరుగుతుంది, ఎదుటివాడి చెయ్యి కదలడం కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. రింగులో ఆ ‘కాస్త’ ఖరీదు ఎక్కువ.

అన్నం మానేసినప్పుడు మొదటి రెండు రోజుల్లో కాటా చకచకా దిగడానికి కూడా నీరే కారణం. కండరాల్లో, కాలేయంలో పిండి పదార్థం గ్లైకోజెన్ రూపంలో దాచి ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. కుర్రాళ్లు ‘రెండు రోజుల్లో రెండు కిలోలు తగ్గాను’ అని మురిసిపోతారు. నిజానికి తగ్గింది బండిలో పెట్రోలు.

కాటా దిగాక రెండు లీటర్లు తాగేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. నీరు పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కణాల్లోకి చేరడానికి గంటలు పడుతుంది, పూర్తిగా సర్దుకోవడానికి ఒక రోజు పైనే. గ్లైకోజెన్ నిండడానికి ఒకటి రెండు రోజులు. ఉదయం కాటా, మధ్యాహ్నం బౌట్ అంటే శరీరం ఇంకా లెక్కలు సరిచేసుకుంటూ ఉండగానే గంట మోగిపోతుంది. ఇక కొందరు ఉప్పు లేని ఉత్త నీళ్లు గటగటా తాగేస్తారు. అప్పుడు రక్తంలో సోడియం ఒక్కసారిగా పలచబడి వాంతులు, మగత, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి.

‘గోలీ ఏసుకుంటే దిగుతదన్నరు’

ఒక మే నెల సాయంత్రం మా ఆసుపత్రి క్యాజువాలిటీకి పంతొమ్మిదేళ్ల కుర్రాడిని ఇద్దరు స్నేహితులు ఆటోలో తెచ్చారు. నల్లగొండ వైపు పల్లెటూరు, ఇక్కడ హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాడు. సాయంత్రాలు కిక్‌బాక్సింగ్. పిక్కలు, తొడలు పట్టేసి కేకలు పెడుతున్నాడు. మధ్యాహ్నం నుంచి ఆరేడు వాంతులు. బీపీ 90/60, నాడి 130. పొద్దుటి నుంచి ఒక్కసారే మూత్రం వచ్చిందట, అదీ టీ డికాషన్ రంగులో.

అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. 62 కిలోలవాడు 57 కిలోల్లో పేరిచ్చాడు. వారం రోజులుగా రాత్రి అన్నం లేదు. మూడు రోజులుగా రెయిన్‌కోటులో పరుగు. చివరి రోజు నీళ్లు బంద్.

“అయినా కాటా మీద అరకిలో ఎక్కువొచ్చింది సార్. గోలీ ఏసుకుంటే దిగుతదన్నరు” అన్నాడు.

ఆ గోలీ ఏమిటంటే గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఒంట్లో చేరిన నీరు తీయడానికి మేం రాసే మాత్ర, ఫ్యూరోసెమైడ్. జిమ్‌లో ఓ సీనియర్ చెప్పాడట, మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చారట. రెండు వేసుకున్నాడు. అసలే ఎండిన చెరువుకు గండి కొట్టినట్టు.

రక్త పరీక్షలో క్రియాటినిన్ 3.1 ఉంది. ఆ వయసులో ఒకటి లోపు ఉండాలి. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే, రెండు వందల లోపు ఉండాల్సింది, 18 వేలు దాటింది. నీళ్లు లేని కండరం మీద రోజూ స్పారింగ్‌లో తొడ మీద తన్నులు పడితే ఏమవుతుందో ఆ అంకె చెప్తుంది. నలిగిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వచ్చి, కిడ్నీలోని సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటుంది. డికాషన్ రంగు దానిదే. అదే సమయంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మాకు అసలు భయం అక్కడే.

రాత్రంతా సెలైన్ ఎక్కించాం, గంట గంటకూ మూత్రం కొలిచాం. డయాలసిస్ దాకా వెళ్లలేదు. నాలుగో రోజుకు రంగు మారింది, ఆరో రోజు ఇంటికి పంపాం. తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా వార్డుకు వచ్చిన వాళ్ల నాయన మంచం పక్కన నిలబడి అన్నమాట: “ఆటకు పోతున్నడనుకున్న గని ఉపాసం ఉంటున్నడని నాకెర్క లేదు సార్.”

ఎరుక ఉండదు. అదే చిక్కు. నిఖత్ లాంటి క్రీడాకారిణి వెనక డైటీషియన్, ఫిజియో, టీం డాక్టర్ ఉంటారు, అయినా కష్టమే అయింది. మా ఏరియా హాస్టల్ పిల్లవాడి వెనక యూట్యూబ్ ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఆ పిల్లవాడికి తెలియదు. మూత్రం ఎక్కువయ్యే మందులన్నీ ‘వాడా’ నిషేధిత జాబితాలో ఉన్నాయి. పోటీ ఉన్నా లేకున్నా నిషేధమే. డోప్ పరీక్షలో దొరికితే ఆటే పోతుంది.

కిక్‌బాక్సింగ్ పుట్టిన దేశంలో

ఈ తంటా మన దగ్గరే ఉందనుకోవద్దు. కిక్‌బాక్సింగ్ అనే ఆటకు 1960లలో ఆ పేరు పెట్టింది జపాన్‌వాళ్లు. థాయ్‌లాండ్ ముయే థాయ్‌ని, తమ కరాటేను కలిపి ప్రమోటర్ ఒసాము నొగుచి దాన్ని టీవీ ఆటగా మార్చాడు. 1993లో మొదలైన కె-1 టోర్నీలతో అది ప్రపంచమంతా పాకింది. అక్కడి ప్రొఫెషనల్ ఫైటర్లకు కాటా ముందు రోజే ఉంటుంది. అంటే ఎండబెట్టుకుని కాటా ఎక్కడం, ఒక రోజులో తిరిగి నింపుకొని రింగులోకి దిగడం. నింపుకునే వ్యవధి ఉంది కదా అని ఇంకా ఎక్కువ ఎండబెట్టుకుంటారు. మనిషి బుద్ధి అంతే.

2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో తెన్షిన్ నసుకావా, తకెరు అనే ఇద్దరు పెద్ద కిక్‌బాక్సర్లు తలపడ్డారు. జపాన్ ఏళ్ల తరబడి ఎదురుచూసిన పోటీ అది. తెన్షిన్ చిన్న ఒడ్డువాడు, తకెరు పెద్ద ఒడ్డువాడు. అందుకని ముందు రోజు 58 కిలోలు దాటకూడదని, పోటీ రోజు 62 కిలోలు దాటకూడదని ఒప్పందం రాసుకున్నారు. రెండో షరతు నాకు నచ్చింది. ఒక్క రాత్రిలో ఎంత బరువు తిరిగి ఎక్కొచ్చో హద్దు పెడితే, ఎంత ఎండబెట్టుకోవచ్చో కూడా హద్దు పెట్టినట్టే. తెన్షిన్ నిర్ణయం మీద గెలిచాడు.

అదే జపాన్‌లో 2025 ఆగస్టు 2న కొరకుయెన్ హాల్‌లో ఒకే రాత్రి జరిగిన బాక్సింగ్ పోటీల తర్వాత ఇద్దరు బాక్సర్లు, షిగెతోషి కొటారి, హిరోమాసా ఉరకావా, మెదడు చుట్టూ రక్తం చేరి వారం తిరిగేసరికి చనిపోయారు. ఇద్దరికీ 28 ఏళ్లే. అక్కడి కమిషన్ వెంటనే ఓరియంట్-పసిఫిక్ టైటిల్ పోటీలను 12 రౌండ్ల నుంచి 10కి తగ్గించింది. బరువు తగ్గించుకునే పద్ధతుల మీదా చర్చ మొదలైంది. నీరు తగ్గిన శరీరంలో తలకు తగిలే దెబ్బ మరింత ప్రమాదకరం కావచ్చని క్రీడా వైద్యులు చాలా కాలంగా అనుమానిస్తున్నారు.

అంతకు ముందే, 2015లో వన్ చాంపియన్‌షిప్ పోటీ కోసం మనీలాలో బరువు తగ్గించుకుంటూ యాంగ్ జియన్ బింగ్ అనే చైనా ఫైటర్ 21 ఏళ్లకే చనిపోయాడు. రింగు దాకా కూడా వెళ్లలేదు. ఆ సంస్థ నీరు తగ్గించుకుని కాటా ఎక్కే పద్ధతినే నిషేధించింది. అమెరికాలో 1997లో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు నెల పైచిలుకు వ్యవధిలో ఇలాగే పోయారు. అప్పటి నుంచి అక్కడి కాలేజీల్లో ప్లాస్టిక్ సూట్లు, వేడి గదులు, నీరు తీసే మాత్రలు నిషేధం. సీజన్ మొదట్లోనే మూత్ర పరీక్ష చేసి, ఒంట్లో నీరు సరిగా ఉన్నప్పుడు బరువు చూసి, ఈ కుర్రాడు ఇంతకంటే కిందికి దిగకూడదని రాసిస్తారు. వారానికి శరీర బరువులో ఒకటిన్నర శాతం మించి తగ్గనివ్వరు. అరవై కిలోలవాడికి అంటే 900 గ్రాములు. మన జిల్లా స్థాయి పోటీలకు ఇందులో ఏ ఒక్కటి పెట్టినా ఖర్చు పెద్దగా కాదు. మూత్రం సాంద్రత చూసే పట్టీ ఏ ల్యాబ్‌లోనైనా దొరుకుతుంది.

ఆడపిల్లల విషయంలో

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది. ఆ పునాది మీద కడుపు మాడ్చుకుని ప్రాక్టీస్ చేస్తే ఏమవుతుంది? ఖర్చు చేసే శక్తికి, తినే తిండికి పొంతన లేకపోతే శరీరం అత్యవసరం కాని పనులు ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. మొదట ఆగేది నెలసరి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పరిస్థితికి ప్రత్యేకంగా పేరు కూడా పెట్టింది. క్లుప్తంగా రెడ్-ఎస్ అంటారు. మగపిల్లల్లోనూ వస్తుంది, కాకపోతే నెలసరి లాంటి గుర్తు వాళ్లకు ఉండదు.

మా ఓపీలో తల్లులు ‘ఆటలో పడితే అంతే సార్, అది మామూలే’ అంటారు. మామూలు కాదు. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టర్‌కు చూపించాలి. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక పలచబడుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసు ఎముక గట్టిపడాల్సిన కాలం. అప్పుడు పోయింది తర్వాత పూర్తిగా తిరిగి రాదు. కాలి ఎముకలో సన్నని పగుళ్లు, మాటిమాటికీ జలుబు, జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం.. ఇవన్నీ ఒకే తీగకు కాసినవి కావచ్చు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ కూడా చూపించండి.

జారిన భుజం

బరువు సంగతి కాసేపు పక్కన పెడదాం. 2017లో ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో నిఖత్ భుజం కీలు జారింది. ఆపరేషన్ అయింది. ఏడాది పాటు రింగుకు దూరమైంది. ఇరవై ఒక్క ఏళ్ల బాక్సర్‌కు ఏడాది అంటే చాలా ఎక్కువ. ఆ ఏడాది తొందరపడి ఉంటే ఇస్తాంబుల్ ఉండేది కాదేమో. 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగి వచ్చింది.

చిన్న వయసులో భుజం ఒకసారి జారితే మళ్లీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. కీలు గిన్నె అంచున ఉండే మెత్తటి పొర చిరిగిపోవడమే దానికి కారణం. పైకి నొప్పి తగ్గినా ఆ చిరుగు అలాగే ఉంటుంది. మన దగ్గర ఇంకో బెడద ఉంది. భుజం జారగానే పుత్తూరు కట్టు బోర్డు వెతుక్కుంటూ పోతారు. ఎక్స్‌రే లేకుండా లాగితే ఎముక విరగొచ్చు, డెల్టాయిడ్ కండరానికి వెళ్లే నరం నలగొచ్చు. చెయ్యి కదపకుండా మెడకు వేలాడదీసి నేరుగా ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి రండి. ఆపరేషన్ జరిగితే, మళ్లీ పంచ్ కొట్టడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చు. ఫిజియోథెరపీ మధ్యలో మానేస్తే సగం ఆపరేషన్ వృథా.

నిజామాబాద్‌కే చెందిన హుసాముద్దీన్, నిఖత్ మొదటి కోచ్ శంసాముద్దీన్ కొడుకు, 2023లో తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సెమీస్ దాకా వెళ్లి మోకాలి గాయంతో బరిలోకి దిగకుండా తప్పుకున్నాడు. కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. గెలిస్తే ఫైనల్ అని తెలిసీ ఆగడం మామూలు విషయం కాదు. నాకు ఆ కాంస్యం మీద గౌరవం ఎక్కువ.

మీ ఇంట్లో ఓ ఫైటర్ ఉంటే

పిల్లలు ఏ బరువు విభాగంలో ఆడుతున్నారో అడగండి. మూడు పూటలా తిని, నీళ్లు తాగి, పొద్దున లేచాక ఉన్న బరువే వాళ్ల అసలు బరువు. విభాగం దానికి దగ్గరగా ఉండాలి. పద్దెనిమిది ఏళ్ల లోపు వాళ్లు ఎదిగే వయసులో ఉంటారు, వాళ్లు బరువు తగ్గించుకుని కింది విభాగంలో ఆడటానికి నేను ఒప్పుకోను. కోచ్ ఒత్తిడి చేస్తే ఆ కోచ్‌ను మార్చండి.

పెద్దవాళ్లు తగ్గాలనుకుంటే కనీసం నెల ముందు నుంచి, కొవ్వు రూపంలో తగ్గాలి. నాలుగు కిలోలు తగ్గడానికి నాలుగైదు వారాలు కావాలి, నాలుగైదు రోజులు కాదు. రాత్రి అన్నం తగ్గించినా పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించొద్దు. చివరి వారంలో కూడా మూత్రం లేత పసుపు రంగులో ఉండాలి. ఆవనూనె రంగుకు మారితే హెచ్చరిక, డికాషన్ రంగు అయితే నేరుగా ఆసుపత్రి. రెయిన్‌కోటు, ప్లాస్టిక్ సూట్లు హైదరాబాద్ ఎండలో అసలు వద్దు. వడదెబ్బకు రెయిన్‌కోటు తోడైతే అరగంట చాలు.

కాటా దిగాక తాగాల్సింది ఓఆర్ఎస్. లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్, గుక్క గుక్కగా. ఇక్కడో జాగ్రత్త. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మిన టెట్రా ప్యాకుల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. దాంతో పాటు అరటిపండు, ఇడ్లీ, పెరుగన్నం లాంటి తేలికైన తిండి. బిర్యానీ బౌట్ అయ్యాక.

బరువు విభాగాలు కూడా మారుతున్నాయి. వరల్డ్ బాక్సింగ్ సంస్థ కొత్త జాబితాలో మహిళలకు 50 పోయి 51 వచ్చింది. నిఖత్ ఇప్పుడు అందులోనే ఆడుతోంది. 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది. ఒక్క కిలో అంటే ఆ స్థాయిలో ఎంత ఊరటో పైన చదివినవాళ్లకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక తల దెబ్బల గురించి ఒక్క మాట. హెడ్‌గార్డ్ పెట్టుకున్నారు కదా అనుకోవద్దు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు ఊగకుండా ఆపలేదు. స్పారింగ్‌లో గట్టి దెబ్బ తగిలాక కళ్లు బైర్లు కమ్మినా, కాసేపు అయోమయంగా ఉన్నా ఆ రోజుకు ఆట బంద్. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఒంటరిగా వదలొద్దు. పెరుగుతున్న తలనొప్పి, ఆగని వాంతులు, తడబడే మాట, ఒక కంటిపాప పెద్దగా కనిపించడం, లేపితే లేవని నిద్ర.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారాక చూద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ డాక్టర్ అడగకపోయినా సరే, ఎన్ని రోజుల్లో ఎన్ని కిలోలు తగ్గాడో, ఏ గోలీ వేసుకున్నాడో ముందే చెప్పండి.